సస్పెన్షన్‌లో ఉన్న టమాటా మొక్క

సరళమైన తెలుగు వాడాలని పైనుంచి సర్క్యులరు రాకపోయి ఉంటే చెంగల్రాయులుగారి టమాటా మొక్క ఇవాళ బతికి ఉండేది.

ఆ సర్క్యులరు మట్టుకు అంత సరళంగా లేదు. "ప్రజాసామాన్యమునకు దురవగాహములగు సాంకేతిక పదజాలమును పరిహరించి, సుబోధకమగు భాషను అవలంబించవలసినదిగా ఆదేశించడమైనది" అని ఉంది. దాని అర్థం తేల్చుకోవడానికి ఎర్రగుట్టపల్లె టమాటా పరిశోధన కేంద్రంలో రెండు రోజులు పట్టింది. మూడోరోజు నుంచి ఆఫీసు సూపరింటెండెంటు నాగభూషణం దాన్ని అమలుచేయడం మొదలుపెట్టాడు.

చెంగల్రాయులు ఆ కేంద్రంలో శాస్త్రవేత్త. వయసు యాభై ఆరు. ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఒక్క కాగితం ఆలస్యంగా పంపినవాడు కాదు, ఒక్క రూలు మీరినవాడు కాదు. తొమ్మిదేళ్ళుగా ఆయన ఒకే పనిమీద ఉన్నాడు. ఆకుముడతను తట్టుకునే టమాటా వంగడం తయారుచేయాలి. ఆకుముడత అంటే ఆ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు. తెల్లదోమ వాలుతుంది, ఆకులు దొప్పల్లా ముడుచుకుపోతాయి, పూత రాలిపోతుంది, రైతు తలకు తువ్వాలు చుట్టుకుని గట్టుమీద కూర్చుంటాడు. మందు కొడితే దోమ పక్క తోటకు పోయి వారంలో తిరిగొస్తుంది.

దానికి విరుగుడు ఎక్కడో దక్షిణ అమెరికా కొండల్లో పెరిగే అడవి టమాటాలో ఉంది. కాయ రేగుపండంత ఉంటుంది, నోట పెడితే చేదు, కానీ ఆకుముడత దాని జోలికి పోదు. దాన్నీ మన సంత టమాటానూ జతకలిపి సంకరం చేయాలని ఆయన ఏడేళ్ళు తంటాలు పడ్డాడు. ఏడేళ్ళూ పిందె నిలవలేదు. ఎనిమిదో ఏట నిలిచింది. ఆ గింజలకు పుట్టిన మొక్కలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా వచ్చాయి. వాటి గింజల్ని తొమ్మిదో ఏట మళ్ళీ నాటితే నాలుగువందల పన్నెండు మొక్కలు లేచాయి. ఆ నాలుగువందల పన్నెండులో ఏ రెండూ ఒకేలా లేవు. ఒకటి నడుమెత్తు పెరిగితే ఒకటి మోకాలు దాటలేదు. ఒకదానికి గోలీకాయలంత కాయలు, ఒకదానికి కోడిగుడ్లంత, ఒకదానికి అసలు కాయలే లేవు.

తోటలో కూలీలమీద మేస్త్రీగా ఉండే మునెమ్మ నడుంమీద చేతులు పెట్టుకుని ఆ మడంతా ఒకసారి కలయజూసింది.

"పిల్లోళ్ళంతా ఒగే మాదిరి ఉండిరి. ఇప్పుడు మనవళ్ళను చూడండి సార్. ఒగడు తాత మాదిరి, ఒగడు అవ్వ మాదిరి, ఇంగొగడు ఎవురి మాదిరో దేవునికే ఎరుక."

చెంగల్రాయులు ముప్ఫై పేజీల్లో రాయబోయే సంగతి ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. ఇద్దరూ తొమ్మిదేళ్ళుగా ఒకే మట్టిలో కూర్చుంటున్నవాళ్ళు.

ఆ నెలలోనే మడిలోకి ఆకుముడత వచ్చింది. రావాలనే ఆయన మందు కొట్టకుండా వదిలేశాడు. నాలుగువందల పదకొండు మొక్కలు కొన్ని ఎక్కువగా, కొన్ని తక్కువగా ముడుచుకుపోయాయి. ఒక్కటి ముడుచుకోలేదు. రెండువందల ముప్ఫైఏడో నంబరు. ఆకులన్నీ చాచుకుని, ఒక్క మచ్చ లేకుండా, ఎనభై నాలుగు పచ్చి కాయలతో నిక్కి నిలబడింది. చెంగల్రాయులు దాని ముందు అరగంట గొంతుక్కూర్చున్నాడు. పెళ్ళినాడు కూడా ఇంత సంతోషం కలగలేదని ఆయనకు అనిపించింది. ఆ మాట ఇంట్లో చెప్పలేదు.

ఆఫీసుకు వచ్చి వార్షిక నివేదిక రాశాడు. "ఈ తరంలో జన్యు వైవిధ్యం అపారంగా కనిపించింది. ఇది ఎంతో సంతోషించదగ్గ విషయం."

నాగభూషణం కాగితం చూసి పెదవి విరిచాడు.

"వైవిధ్యం అంటే ఎవురికి తెలస్తాది సార్? సరళంగా రాయమన్నారు గదా."

"మరేం రాద్దామంటావు?"

"వైవిధ్యమంటే ఏంది? ఒగటి ఇంగొగటి మాదిరి లేకపోడం. అంటే తేడా. ఈ జన్యువులు గినువులు గూడా వద్దు సార్, ఎందుకు మనకి."

చెంగల్రాయులుకు అందులో తప్పేమీ కనిపించలేదు. మాట సరళంగానే ఉంది. సంతకం పెట్టాడు. "మా కేంద్రంలో తేడాలు అపారంగా కనిపించాయి. ఇది ఎంతో సంతోషించదగ్గ విషయం" అని నివేదిక పైకి పోయింది.

సర్కారు ఆఫీసులో తేడా అనే మాటకు ఒకటే అర్థం. స్టాకులో తేడా, తూకంలో తేడా, సంతకంలో తేడా. తేడా ఉందంటే ఎవరో ఏదో మింగారన్నమాట. పైగా గోరుచుట్టుమీద రోకలిపోటులా ఆ సంవత్సరమే ప్రధాన కార్యాలయంవాళ్ళు తేడారహిత సంవత్సరం ప్రకటించారు. ఏ కేంద్రంలోనూ ఏ విషయంలోనూ తేడా ఉండరాదని గోడలమీద రాయించారు. కొన్ని గోడలమీద పెద్ద అక్షరాలూ కొన్నిటిమీద చిన్న అక్షరాలూ పడ్డాయని పెయింటరుకు నోటీసు కూడా ఇచ్చారట.

పదిరోజుల్లో మెమో వచ్చింది. "మీ కేంద్రమునందు తేడాలు అపారముగా ఉన్నట్లు మీరే తెలియజేసియున్నారు. సదరు తేడాలు ఏ తేదీ నుండి ఉన్నవి, ఎవరి అజమాయిషీలో జరిగినవి, వాటిపై మీరు సంతోషము వ్యక్తపరచుటకు గల కారణములేమి అను విషయములపై ఏడు దినములలో సంజాయిషీ సమర్పించవలెను."

చెంగల్రాయులు నాలుగు పేజీల సంజాయిషీ రాశాడు. తేడా లేనిదే ఎంపిక లేదని, ఎంపిక లేనిదే కొత్త వంగడం లేదని, అన్ని మొక్కలూ ఒకేలా ఉంటే మంచిదాన్ని దేంట్లోంచి ఏరుకుంటామని విన్నవించుకున్నాడు. ఈ తేడాలు వాటంతటవి వచ్చినవి కావని, తొమ్మిదేళ్ళు రెక్కలు ముక్కలు చేసుకుంటే వచ్చాయని కూడా రాశాడు.

ఆ చివరి వాక్యం కొంప ముంచింది. "తేడాలను తొమ్మిది సంవత్సరములుగా బుద్ధిపూర్వకముగా సృష్టించుచున్నట్లు సదరు అధికారి అంగీకరించినందున, తేడాల నిర్మూలనకు ప్రత్యేకాధికారిని నియమించడమైనది" అని ఉత్తర్వు దిగింది. ఉత్తర్వు వెనకే ప్రత్యేకాధికారి కోదండపాణిగారూ జీపు దిగారు.

కోదండపాణిగారు మంచి మనిషి. అక్కడే వచ్చింది చిక్కు. ఆయన ఎవరి కాఫీ తాగడు, ఎవరింట్లో భోంచేయడు, కోపంతో ఒక్క మాట అనడు. లంచగొండి అయి ఉంటే రెండు బాక్సుల టమాటాలు జీపులో పెట్టి ఎలాగో గట్టెక్కేవాళ్ళు. అంతకుముందు ఇరవై ఏళ్ళు తూనికల శాఖలో పనిచేసి, రాళ్ళన్నీ సరిచూసి, తృప్తిగా ఇటు వచ్చాడు. చేతిలో టేపు, చంకలో రిజిస్టరు. రెండు రోజులు ఎండలో నిలబడి నాలుగువందల పన్నెండు మొక్కల్నీ స్వయంగా కొలిచాడు. మూడోరోజు సగటు తీశాడు. ఎత్తు రెండడుగుల నాలుగంగుళాలు, కొమ్మలు ఐదు, కాయలు ఇరవై ఒకటి.

"సరిగ్గా ఈ కొలతల మొక్క ఈ మడిలో ఏది?" అని అడిగాడు.

"సరిగ్గా అంటే, అలాంటిది ఒక్కటీ లేదండీ" అన్నాడు చెంగల్రాయులు.

కోదండపాణిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే నాలుగువందల పన్నెండుకు నాలుగువందల పన్నెండూ తేడాలే. డాక్టరుగారూ, నా సర్వీసులో నూటికి నూరు శాతం తేడా ఉన్న సంస్థను ఇదే చూడటం. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. మీకు మార్గదర్శనం లోపించింది."

మర్నాటికల్లా గేటు దగ్గర పెద్ద బోర్డు లేచింది. దానిమీద రెండడుగుల నాలుగంగుళాల టమాటా మొక్క బొమ్మ, ఐదు కొమ్మలు, ఇరవై ఒక్క కాయ, కింద 'ఆదర్శ మొక్క' అని. అలాంటి మొక్క ప్రపంచంలో ఎక్కడా లేదు. అయినా మిగతా మొక్కలన్నీ నెలరోజుల్లో దాన్ని అనుసరించాలని ఆదేశం. ఆదర్శానికి మరీ దూరంగా ఉన్నవాటిని ముందు పెరికేయాలి. ఎక్కువైనా తేడాయే, తక్కువైనా తేడాయే.

నాగభూషణం ఉద్యోగం చేసి తలపండినవాడు. ఒక ఉపాయం చెప్పాడు. "కాయలు ఎక్కువుండే మొక్కకి కోసేద్దాం. తక్కువుండే దానికి మండీనుంచి తెచ్చి కడదాం. లెక్కకి ఇరవై ఒకటి ఉంటే సరిపోతాది గదా సార్."

మునెమ్మ మొదట నమ్మలేదు. తర్వాత దారపుండ తెప్పించింది. పదిమంది ఆడకూలీలు రెండు రోజులపాటు ముడుచుకుపోయిన మొక్కలకు మండీ టమాటాలు కట్టారు. కడుతూ కడుతూ ఒకటే నవ్వు.

"పెండ్లికూతురికి జడకుచ్చులు గూడా ఇంత కుదురుగా కట్టలేదమ్మా నేను" అంది మునెమ్మ.

కోదండపాణిగారు తనిఖీకి వచ్చాడు. ఒక్కో మొక్కనూ వంగి చూశాడు. దారాలు చూశాడు.

"దారాలు కొన్నిటికి తెల్లవి వాడారు, కొన్నిటికి పచ్చవి వాడారు" అన్నాడాయన నెమ్మదిగా. "ఇటువంటి చిన్న చిన్న తేడాలనే మనం ఉపేక్షిస్తాం. అన్నిటికీ పచ్చదారమే వాడండి."

అలా ముందుకు పోతూ పోతూ రెండువందల ముప్ఫైఏడో మొక్క ముందు ఆగిపోయాడు. దాని కాయలు కోయడానికి చెంగల్రాయులు ఒప్పుకోలేదు. ఇంకా పచ్చికాయలు, లోపల గింజ ముదరలేదు. రంగు తిరిగేదాకా చెయ్యి వేయవద్దని అందరికీ చెప్పి ఉంచాడు.

"ఇదేమిటండీ?"

"ఇదేనండీ అసలు మొక్క. తొమ్మిదేళ్ళూ దీనికోసమే."

"కాయలెన్ని?"

"ఎనభై నాలుగండీ."

"సగటు ఇరవై ఒకటి కదా. మరి తక్కిన అరవై మూడూ ఎవరివి?"

చెంగల్రాయులుకు ప్రశ్న అర్థం కాలేదు. "దానివేనండీ."

"అదెలా అవుతుంది? నేల ఒకటే, నీరు ఒకటే, ఎరువు ఒకటే. దీనికేమో ఎనభై నాలుగు, పక్కదానికి సొంతంగా తొమ్మిది. చుట్టుపక్కలవాటి వాటా ఇది లాగేసిందని చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది."

"వాటా కాదండీ. దీనికి తెగులు రాలేదు. అందుకని కాసింది."

"అదే నేనూ అంటున్నది. అందరికీ వచ్చిన తెగులు దీనికి మాత్రం ఎందుకు రాలేదు? దీని వెనక ఏముందో విచారించవద్దా?" అని ఆయన జాలిగా చెంగల్రాయులు భుజంమీద చెయ్యి వేశాడు. "మీ బాధ నాకు తెలుసు. మీకు మినహాయింపు కావాలంటే దరఖాస్తు పెట్టుకోండి. నేను అడ్డు చెప్పను. విచారణ పూర్తయ్యేవరకు మొక్కను పెరికించను కూడా. సస్పెన్షన్‌లో ఉంచుతాను."

ఆ సాయంత్రమే సస్పెన్షన్ ఉత్తర్వు మొక్క పక్కన పాతిన కొయ్యకు అంటించారు. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగికి సగం జీతమే ఇస్తారు కాబట్టి మొక్కకు సగం నీళ్ళే ఇవ్వాలన్నారు. మిగతా మడికి వారానికి రెండు తడులు, దీనికి ఒకటి. ఉత్తర్వు చివర అలవాటు ప్రకారం ఇంకో వాక్యం కూడా ఉంది. విచారణ ముగిసేవరకు సదరు మొక్క ముందస్తు అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్ళరాదు.

సగం నీళ్ళమీద కూడా ఆ మొక్క వాడలేదు. ఇంకో ఐదు పిందెలు వేసింది. అది కూడా రిజిస్టరులో రాసుకున్నారు.

మరునాడు చెంగల్రాయులు మడి గట్టున ఒంటరిగా నిలబడి ఉంటే మునెమ్మ దగ్గరకొచ్చింది.

"సార్, ఒగ మాట జెప్తా. ఈయప్ప దీన్ని బతకనియ్యడు. ఒగ కొమ్మ ఇరుసుకోని పోయి మా మిద్దె పక్కన గుచ్చుకుంటా. టమాటా కొమ్మ నాటితే బతుకుతాది, మీకు నేను జెప్పల్నా."

చెప్పనవసరం లేదు. కొమ్మ తడిమట్టిలో గుచ్చితే వారంలో వేరు పోస్తుంది. ఆ కొమ్మ అచ్చంగా తల్లిమొక్కే. ఆయనకు నోరూరినంత పనైంది. కానీ ముప్ఫై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది?

"తప్పు మునెమ్మా. అది విచారణలో ఉన్న మొక్క. గేటు దాటించామని తెలిస్తే ఉన్న మొక్కా పోతుంది, నీ పనీ పోతుంది. నేను అనుమతికి రాస్తాను. పద్ధతి ప్రకారం తీసుకుపోదువు."

"అనుమతి వచ్చేలోపల మొక్క ఉండల్ల గదా సార్."

"ఉంటుంది. విచారణ అంటే మాటలా? ఆర్నెల్లు పడుతుంది."

ఆయన ఆ రోజే మూడు ప్రతుల్లో దరఖాస్తు రాశాడు. కొమ్మ ఒకటి, పొడవు జానెడు, గేటు బయటకు తీసుకుపోవడానికి అనుమతి కోరుతూ. ఒక ప్రతి కోదండపాణిగారికి, ఒకటి ప్రధాన కార్యాలయానికి, ఒకటి దాఖలాకు. ఆ పని చేశాక ఆయనకు మనసు కుదుటపడింది. కాగితం పంపాక మనసు కుదుటపడటం ఆయనకున్న జబ్బు.

ఇక్కడ మడిలో తేడాల నిర్మూలన జోరుగా సాగింది. మరీ పొడుగువీ మరీ పొట్టివీ పెరికేశారు. పెరికేసరికి సగటు మారింది. సగటు మారేసరికి నిన్నటిదాకా సరిగ్గా ఉన్న మొక్కలు ఇవాళ తేడా అయ్యాయి. వాటినీ పెరికారు. మళ్ళీ సగటు మారింది. నాలుగువందల పన్నెండు రెండువందల ముప్ఫై అయ్యాయి, రెండువందల ముప్ఫై నూటపద్దెనిమిది అయ్యాయి. ప్రతి వారమూ గేటు దగ్గర బోర్డుమీద ఆదర్శ మొక్కను చెరిపి కొంచెం పొట్టిగా మళ్ళీ వేసేవారు. తేడాలకు మూలకారణం గింజలే కాబట్టి బీరువాలో దాచిన పాత గింజల పొట్లాలను, కుండీల్లో ఉన్న అడవి టమాటాలను కూడా తగలబెట్టించారు. చెంగల్రాయులు జాబితా రాసి సంతకం పెట్టాడు. సంతకంలో తేడా వచ్చిందని మళ్ళీ పెట్టించారు.

విచారణకు ఆర్నెల్లు పడుతుందన్న లెక్క తప్పింది. తేడారహిత సంవత్సరం కదా, అన్ని విచారణలూ ఇరవై రోజుల్లో ముగించాలని ఇంకో సర్క్యులరు వచ్చింది. అభియోగపత్రం మొక్క ముందు రెండుసార్లు చదివి వినిపించారు. వారం గడువిచ్చారు. మొక్క జవాబివ్వలేదు. మౌనం అర్ధాంగీకారమని నిర్ధారించారు. పూర్వానుమతి లేకుండా అధికంగా కాయుట, సహచర మొక్కలు వ్యాధిగ్రస్తమై ఉండగా ఆరోగ్యంగా ఉండుట, సస్పెన్షన్ కాలంలో సైతం ప్రవర్తన మార్చుకొనకపోవుట, ఈ మూడు నేరాలూ రుజువయ్యాయి. సర్వీసు నుంచి తొలగించాలని శిక్ష.

"పదిహేను రోజులండీ" అన్నాడు చెంగల్రాయులు. జీవితంలో ఎవరినీ అలా బతిమాలలేదు. "పదిహేను రోజులాగితే కాయ రంగు తిరుగుతుంది. గింజ తీసుకుంటాను. తర్వాత మీ ఇష్టం."

"డాక్టరుగారూ, ఒకరి శిక్ష అవ్వాళే, ఒకరిది పదిహేను రోజులకు అయితే అదీ తేడాయే కదా" అన్నాడు కోదండపాణి. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది.

పంచనామా రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట మొక్కను వేళ్ళతో పెరికి, కాయలతో సహా తగలబెట్టారు. పచ్చిమొక్క తొందరగా కాలలేదు. కిరసనాయిలు తెప్పించి మళ్ళీ అంటించారు. చెంగల్రాయులు చివరిదాకా అక్కడే నిలబడ్డాడు. ఆయనకు ఏడుపొచ్చింది. పొగకు కళ్ళు మండుతున్నాయని అందరూ అనుకున్నారు. మునెమ్మ మాత్రం అనుకోలేదు.

రెండోరోజు టపాలో ప్రధాన కార్యాలయంనుంచి ఒక కవరు వచ్చింది. జానెడు పొడవుగల టమాటా కొమ్మ ఒకటి గేటు బయటకు తీసుకుపోవడానికి అనుమతిస్తూ. కొమ్మ పొడవు జానెడుకు ఎక్కువగానీ తక్కువగానీ ఉండరాదని షరతు.

నిర్మూలన ఆగలేదు. నూటపద్దెనిమిది నలభై అయ్యాయి, నలభై తొమ్మిదయ్యాయి, తొమ్మిది రెండయ్యాయి. రెండింటి దగ్గర పెద్ద ధర్మసంకటం వచ్చిపడింది. ఒకటి సగటుకన్నా అరంగుళం ఎక్కువ, ఇంకొకటి అరంగుళం తక్కువ. దేన్ని పెరకాలి? కోదండపాణిగారు రెండు రోజులు నిద్రాహారాలు మాని రిజిస్టరు ముందు కూర్చున్నాడు. మూడోరోజు పొద్దున కంచె సందులోంచి ఒక మేక వచ్చి ఆ సమస్య పరిష్కరించింది. మేకమీద చర్య తీసుకోలేదు.

ఒక్క మొక్క మిగిలింది. దాని ఎత్తూ సగటు ఎత్తూ ఒకటే. దాని కాయలూ సగటు కాయలూ ఒకటే. తేడా సున్నా. దేశంలో నూరు శాతం ఏకరూపత సాధించిన మొట్టమొదటి టమాటా కేంద్రమని మెచ్చుకుంటూ పైనుంచి శాలువా, జ్ఞాపిక వచ్చాయి. ఆ మొక్క సగం ముడుచుకుని ఉంది. సొంతంగా కాసినవి ఏడు కాయలు, పచ్చదారంతో కట్టినవి పద్నాలుగు. దానికి 'సమత' అని పేరుపెట్టి రైతులకు విడుదల చేయాలని నిర్ణయించారు.

"దీని గింజలు వేస్తే మళ్ళీ రకరకాలుగా వస్తాయండీ. ఇంకా నిలకడ లేని తరమిది" అని చెంగల్రాయులు ఆఖరి ఆశతో అన్నాడు.

"గింజలు వద్దు. గింజలే అన్ని తేడాలకూ మూలమని మీ రిపోర్టులోనే చదివాను. కొమ్మలు నాటితే తల్లిమొక్కలాగే వస్తుందటగా. మీ మేస్త్రీ ఎవరితోనో అంటుంటే విన్నాను. చూశారా, కిందిస్థాయి సిబ్బంది అనుభవాన్ని మనం వినియోగించుకోవాలి" అన్నాడు కోదండపాణి.

అలా మునెమ్మ చేతులమీదుగానే ఆ సగటు మొక్కనుంచి కొమ్మలు, ఆ కొమ్మలు పెరిగాక వాటినుంచి కొమ్మలు, లక్షల కొద్దీ కొమ్మలు లారీలకెక్కి గేటు దాటిపోయాయి. ఒక్క లారీని ఆపి అనుమతి కాగితం అడిగినవాడు లేడు.

చుట్టుపక్కల మండలాల్లో ఆ ఏడు సమతే వేశారు. వేయకపోతే డ్రిప్పు పైపులు ఇవ్వబోమన్నారు. తోటలు చూడముచ్చటగా, గీత గీసినట్టు ఒకే ఎత్తున పెరిగాయి. తెల్లదోమ వచ్చింది. మామూలుగా అయితే ఒక తోటలో సగం పోతాయి, సగం నిలుస్తాయి, రైతు ఏదో నాలుగు బాక్సులు మండీకి తోలుకుంటాడు. ఈసారి అలా జరగలేదు. పన్నెండు రోజుల్లో మూడు మండలాల టమాటా మొత్తం ఒకేసారి ముడుచుకుని, ఒకేసారి పూత రాల్చి, ఒకేసారి ఎండిపోయింది. రైతులు మోపుల కొద్దీ ఎండుమొక్కలు తెచ్చి గేటు దగ్గర, ఆదర్శ మొక్క బోర్డు కింద గుట్టపోశారు.

కోదండపాణిగారు వెళ్ళి చూసి, టేపుతో కొలిచి, నివేదిక పంపాడు. "తెగులు వ్యాప్తిలోగానీ, మొక్కల మరణంలోగానీ, రైతులకు కలిగిన నష్టంలోగానీ ఎట్టి తేడాలునూ గమనించబడలేదు." ఆయనకు అక్కడినుంచి ప్రమోషనుమీద బదిలీ అయింది.

ఆ తర్వాత వారానికి చెంగల్రాయులు బల్లమీదకు ఎర్రకవరు వచ్చింది. అత్యవసరం అని రెండుచోట్ల రాసి ఉంది. "ఆకుముడత తెగులును తట్టుకొనగల, సాధారణ మొక్కలకు భిన్నముగా నుండు మొక్క ఒక్కటైనను మీ కేంద్రమునందు ఉన్నచో, దాని గింజలుగానీ, కొమ్మగానీ తక్షణమే ప్రత్యేక దూత ద్వారా పంపవలెను. ఎన్ని ఉన్నవో తిరుగుటపాలో తెలియజేయవలెను."

చెంగల్రాయులు ఆ కాగితం పట్టుకుని బయటికొచ్చాడు. టమాటా మడి లేకపోయేసరికి మునెమ్మను ఆఫీసు ముందు క్రోటన్ మొక్కలు ఒకే ఎత్తుకు కత్తిరించే పనిలో పెట్టారు. ఆయన ఆమె పక్కన మట్టిలో కూర్చున్నాడు.

"మునెమ్మా, ఒక మాట అడుగుతాను. నిజం చెప్పు. నిన్ను ఏమీ అనను."

"అడగండి సార్."

"ఆ పొద్దు నేను కొమ్మ వద్దన్నాను కదా. అయినా నాకు తెలియకుండా, ఒక్కటంటే ఒక్కటి, ఒళ్ళో వేసుకుని పోయినావా?"

మునెమ్మ కత్తెర కిందపెట్టి ఆయన ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఏం కోరుకుంటున్నాడో ఆమెకు తెలిసింది.

"లేదు సార్. మీరు వొద్దంటిరి. తొమ్మిదేండ్లలో మీ మాట యానాడన్నా దాటినానా?"

"ఒక్కటి కూడా?"

"ఒగటి గూడా లేదు. అనుమతి వస్తాదంటిరి గదాని మిద్దె పక్కన గుంత దవ్వి, ఎరువేసి పెట్టుకుంటి. మొక్కను కాల్చేదాకా జూస్తి. యాడా రాకపాయె. ఆ గుంతలో బెండగింజలు పెట్టేస్తి."

ఆయన తలూపి లేచాడు. ఆమెమీద కోపం రాలేదు. తనమీద వచ్చింది, కానీ అది ఇప్పుడెందుకు?

లోపలికి వెళ్ళి జవాబు రాయడానికి కూర్చున్నాడు. భిన్నముగా నుండు మొక్కలు అన్న గడిలో 'లేవు' అని రాసి, అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆ మడిలో నాలుగువందల పన్నెండు మొక్కలు ఉండేవి. అందులో ఒక్కటైనా అందరిలా వంగిపోకుండా నిలబడింది. ఈ కేంద్రంలో పంతొమ్మిదిమంది మనుషులున్నారు. అలాంటి వాళ్ళు పంతొమ్మిదిమందిలో ఒక్కరూ లేకపోయారు, తనతో సహా.

నాగభూషణం వచ్చి సంతకం సరిచూసుకుని కాగితం తీసుకుపోయాడు.